రెండు కోట్ల కిటికీలు

కొళాయి తిప్పితే నీళ్ళు వచ్చినట్టు, గోడకున్న మీట తిప్పితే ఆలోచన వచ్చే రోజులవి. క్రీస్తుశకం 2097. ఎవరింట్లోనూ కంప్యూటర్ అనే వస్తువు లేదు. వీధిలో కొళాయి ఉండగా పెరట్లో బావి తవ్వించుకునేవాడిని చూసి నవ్వినట్టు, సొంత కంప్యూటర్ ఉంచుకున్నవాడిని చూసి జనం నవ్వేవారు. కుక్కర్ తనలో పోసిన బియ్యం పాతవో కొత్తవో మేఘాన్ని అడిగి ఉడికించేది. గొడుగు గాలి ఎటు తిరుగుతుందో మేఘాన్ని అడిగి అటు ఒరిగేది. పెళ్ళిచూపులకి వచ్చిన కుర్రాడు ఏం మాట్లాడాలో మేఘాన్నే అడిగేవాడు. అవతల అమ్మాయి కూడా అడిగేది కాబట్టి ఇద్దరి సంభాషణా మహా ముచ్చటగా ఉండేది.

మేఘమంటే ఆకాశంలో ఉంటుందనుకునేరు. అది ఉన్నది బంగాళాఖాతం అడుగున. చల్లటి నీళ్ళలో వరసగా పడుకోబెట్టిన యంత్రశాలలు, వాటిని నడిపే మేఘమండలి అనే సంస్థ, ఆ రెండూ కలిపితే మేఘం. దాని గొప్పతనం పెద్దదిగా ఉండడంలో లేదు, సాగడంలో ఉంది. మీరొక అప్లికేషన్ తయారుచేసి మేఘంలో వదిలారనుకోండి. దాన్ని ఒక్కరే వాడుతుంటే అది ఒక యంత్రంలో ఓ మూల కూర్చుంటుంది. కోటిమంది ఒక్కసారిగా మీద పడితే రెప్పపాటులో వేల యంత్రాల్లోకి పాకుతుంది. జనం వెళ్ళిపోగానే మళ్ళీ మూలకి ముడుచుకుంటుంది. దీన్ని ఇంజనీర్లు స్కేలింగ్ అనేవారు, పుస్తకాల్లో విస్తరణ అని రాసేవారు, మామూలు జనం మాత్రం ఉబ్బు అనేవారు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. మేఘం మాత్రం అడిగినవాడికల్లా అడిగినంత పెట్టేది.

డాక్టర్ మైలపల్లి నూకరత్నం ఈ ఉబ్బు శాస్త్రంలో చెయ్యి తిరిగిన మనిషి. భీమిలికి అవతల ఒక జాలరిపాలెంలో పుట్టి, చదువుకుని, మేఘమండలిలో విస్తరణ విభాగానికి పెద్ద అయింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని ఆఫీసులో ఆమె గురించి అనుకునేవారు. అందులో అబద్ధమేమీ లేదు. తోటివాళ్ళంతా వంటలకీ వేడుకలకీ అప్లికేషన్లు రాస్తుంటే ఆమె పడవలకి రాసింది. దాని పేరు తెడ్డు.

ఆ కాలానికి సముద్రం వేడెక్కి గుణం మార్చుకుంది. పూర్వం తుఫాను నాలుగు రోజుల ముందు కబురంపి వచ్చేది. ఇప్పుడు పొద్దున పుట్టి మధ్యాహ్నానికి మీద పడుతోంది. వేటకెళ్ళిన పడవలు ఒడ్డు చేరకముందే చుట్టేస్తోంది. అలాంటప్పుడు తుఫాను ఎటు వెళ్తోందన్న కబురు పడవకి ఎందుకూ పనికిరాదు. తన ముందుకి రాబోయే కెరటం ఎంత ఎత్తు, దాన్ని ఏ పక్కనుంచి ఎక్కాలి, ఎక్కాక ఎటు జారాలి అన్నదే కావాలి. తెడ్డు అది చెప్పేది. పడవ అడుగున అతికించిన సెన్సర్లు నీటి కదలికని పంపితే, పడవ చుట్టూ ఉన్న సముద్రాన్ని లెక్కగట్టి, చుక్కాని దగ్గరున్న తెర మీద పచ్చటి గీతగా దారి చూపేది. మామూలు రోజుల్లో తెడ్డు మేఘంలో ఓ మూల కునుకు తీసేది. తుఫాను రోజున మాత్రం ఒక్కో పడవకీ వందల యంత్రాలు ఒక్కసారే కావాలి. ఉబ్బు లేకపోతే తెడ్డు లేదు.

కిందటేడు కార్తీకంలో ఆ ఉబ్బే రాలేదు. తుఫాను విరుచుకుపడిన మధ్యాహ్నం తెడ్డు మేఘాన్ని అడిగింది. మేఘం "వేచి ఉండండి" అంది. పడవల తెరల మీద పచ్చగీతకి బదులు ఆ రెండు మాటలు కనబడ్డాయి. పదకొండు పడవలు తిరిగి రాలేదు. వాటిలో ఒకదాని మీద నూకరత్నం బావ పోలయ్య ఉన్నాడు. పోలయ్య ఆమె అప్ప అసిరమ్మ మొగుడు. ఆ తీరంలో అక్కని అప్ప అంటారు. దినాలు అయిన మర్నాడే అసిరమ్మ ఇంకో పడవ చుక్కాని పట్టుకుని వేటకి బయల్దేరింది. ఆడది చుక్కాని పట్టడమేమిటని అనేవాళ్ళు ఆ కాలంలో కూడా ఉన్నారు. వాళ్ళ వైపు ఆమె ఒక్క చూపు చూసింది. వాళ్ళు మళ్ళీ అనలేదు.

నూకరత్నం ఏడవలేదు, తవ్వింది. ఆ మధ్యాహ్నం మేఘాన్నంతా తాగేసింది ఎవరో కనుక్కుంది. కనుక్కున్నాక మాత్రం ఏడుపొచ్చింది, కోపంతో.

తాగింది ప్రత్యక్షం. అది అప్పట్లో ఇంటింటి వినోదం. గదిలో కూర్చుంటే చాలు, ప్రపంచంలో ఎక్కడ ఏం జరుగుతున్నా దాని మధ్యలో ఉన్నట్టే ఉంటుంది. నిజామాబాదులో సోఫాలో కూర్చున్నవాడి ముఖాన బంగాళాఖాతం తుంపర పడుతుంది. ఒక్కో ప్రేక్షకుడి చూపునీ కిటికీ అనేవారు. కిందటేడు తుఫాను మధ్యాహ్నం రెండు కోట్ల కిటికీలు తెరుచుకున్నాయి. అందరూ చూడాలనుకున్నది ఒకటే, పడవలు కెరటాల్లో ఎలా కొట్టుకుంటున్నాయో. పడవ ముందుకొచ్చే కెరటాన్ని చూపించాలంటే ఆ కెరటాన్ని లెక్కగట్టాలి. తెడ్డు చేయాల్సిన లెక్కా అదే. పడవకి ఒక్కసారి కూడా అందని ఆ లెక్క, పడవ మునగడాన్ని చూసేవాళ్ళకి రెండు కోట్ల సార్లు అందింది. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం.

ఈ సంగతి పట్టుకుని ఆమె డైరెక్టర్ శ్రీవల్లభ్ గదికి వెళ్ళింది. శ్రీవల్లభ్ చెడ్డవాడు కాదు. గొంతు పెంచడు, ఎదుటివాళ్ళని కూర్చోబెట్టకుండా తను కూర్చోడు. అలాంటివాళ్ళతో పోట్లాడడం మరీ కష్టం.

"తుఫాను వస్తే పడవలకి ముందివ్వాలి సార్. మిగిలిందే మిగతావాళ్ళకి," అంది.

"మేఘంలో ముందూ వెనకా లేదు నూకరత్నంగారూ. అడిగిన ప్రతివాడూ సమానమే. ఎవరి అవసరం గొప్పదో తేల్చే అధికారం ఈరోజు పడవల కోసం యంత్రం చేతికిస్తే, రేపు అది ఇంకేం తేలుస్తుందో ఎవరు చూడొచ్చారు?"

"మనుషులు చచ్చిపోతుంటే చూడ్డం కూడా అవసరమేనా?"

"వాళ్ళు అడిగారు, మనం ఇచ్చాం. రెండు కోట్లమందిలో తప్పు ఎవరిదని చెప్పమంటారు?"

"తిలాపాపం తలా పిడికెడు పంచేస్తే ఎవరి చేతికీ ఏమీ అంటదని మీ ధైర్యం," అంటూ నూకరత్నం లేచింది. "ఈసారి తుఫాను వచ్చినప్పుడు మా పడవల తెర మీద 'వేచి ఉండండి' అన్న మాట కనబడదు సార్. ఎలా అని మాత్రం అడక్కండి. నాకూ ఇంకా తెలీదు."

ఎలా అన్నది పాలెంలోనే దొరికింది.

ఆ ఆదివారం ఆమె వెళ్ళేసరికి ఒడ్డున పెద్దవల లాగుతున్నారు. పెద్దవలని పడవలో తీసుకెళ్ళి సముద్రంలో సగం చుట్టుగా పరిచి, రెండు తాళ్ళ కొసలూ ఒడ్డుకి తెస్తారు. ఆ తాళ్ళు పట్టుకుని పాలెం పాలెమంతా లాగుతుంది. దానికొక కట్టుబాటు ఉంది. లాగుతుంటే ఎవరూ చేతులు కట్టుకుని చూడకూడదు. దారినపోయేవాడైనా సరే, చూశాడంటే తాడు పట్టాలి, పట్టాడంటే వాడికీ చేపల్లో వాటా వస్తుంది. ఎవరినైనా పేరుపెట్టి పిలిచారో, ఇక వల సంచి ఇసుక మీదికి వచ్చేదాకా ఆ మనిషి తాడు వదలకూడదు. యంత్రాలొచ్చి ఎన్నాళ్ళయినా ఆ పాలెంలో ఈ కట్టుబాటు పోలేదు.

ఆలోచనలో పడి నిలబడిపోయిన చెల్లెల్ని చూసి అసిరమ్మ కేకేసింది. "సూడ్డానికొచ్చినావేటే? సేతులు నేవా నీకు? తాడట్టుకో!"

నూకరత్నం తాడు పట్టుకుంది. నాలుగు గుంజులు గుంజేసరికి నవ్వొచ్చింది. ఆలోచన ఎంత దగ్గర ఉండిపోయిందో! చూసేవాళ్ళచేతే లాగించాలి.

అప్పటిదాకా ప్రత్యక్షంలో ఎవరి కిటికీ వారిదే. లక్షమంది ఒకే పడవని చూస్తుంటే అదే సముద్రాన్ని లక్షసార్లు లెక్కగట్టేవారు. నూకరత్నం ఆ లెక్కని పంచింది. ఒక పడవని చూసే కిటికీలన్నీ ఒక జట్టు. పడవ చుట్టూ ఉన్న సముద్రాన్ని తెడ్డు ముక్కలు చేసి తలా ఒక ముక్క ఇస్తుంది. అందరి ముక్కలూ కలిపితే వచ్చే లెక్క ముందు పడవకి వెళ్తుంది, ఆ తర్వాత చూసేవాళ్ళ కళ్ళకి వస్తుంది. ఎంతమంది చూస్తే పడవకి అంత దూరం కనబడుతుంది. ఎవరి దగ్గరా ఏమీ లాక్కోవడం లేదు, వృథా అయ్యేదాన్ని పనిలో పెడుతోంది. ఆ ఏర్పాటుకి ఆమె పెద్దవల అనే పేరు పెట్టి, ఎవరి అనుమతీ అడక్కుండా మేఘంలో దాచి ఉంచింది.

ఈ ఏడు తుఫాను దీపావళి వెళ్ళిన వారానికి వచ్చింది. పొద్దున ఎండ కాసింది. పదకొండింటికి గాలి ఆగింది. మధ్యాహ్నానికి కొండ మీది మేఘమండలి ఆఫీసు అద్దాల్లోంచి చూస్తే సముద్రం బూడిద రంగులో లేచి నిలబడినట్టుంది. వేటలో ఉన్న పడవల్లో అసిరమ్మ పడవ కూడా ఉంది.

ప్రత్యక్షంలో కిటికీలు టపటపా తెరుచుకోవడం మొదలైంది. నూకరత్నం పెద్దవలని విప్పింది.

"తెడ్డూ, ఏ పడవకీ లెక్క తక్కువ కాకూడదు. ఎలా తెస్తావో నాకు తెలీదు. ఎలాగోలా లాక్కురా."

"అలాగే," అంది తెడ్డు. దాని గొంతు మగదీ కాదు, ఆడదీ కాదు. చెప్పిన పని చేసే గొంతు.

పాలెంలో పిల్లలకి పని చెప్పేటప్పుడు అందరూ అనే మాటే అది. ఎలాగోలా లాక్కురా అంటే ఏం చెయ్యొచ్చో ఏం చెయ్యకూడదో ఆ పిల్లలకి తెలుసు. తెడ్డు పాలెంలో పెరగలేదన్న సంగతి ఆ తొందరలో ఆమెకి తట్టలేదు.

పడవల తెరల మీద పచ్చగీతలు వెలిగాయి. కిటికీలు ఈసారీ రెండు కోట్లదాకా పెరిగాయి, పెరిగినకొద్దీ గీతలు పొడుగయ్యాయి. పడవలు కెరటాల మధ్య సందులు వెతుక్కుంటూ ఒడ్డు వైపు తిరిగాయి. నూకరత్నం అందరిలాగే తనూ ఒక కిటికీ తెరిచింది, అప్ప పడవ మీదికి. అదీ ఒక తాడే కదా అనుకుంది.

శ్రీవల్లభ్ వచ్చి వెనక నిలబడ్డాడు. జరిగింది అర్థం చేసుకోవడానికి అతనికి ఎక్కువసేపు పట్టలేదు. "దీన్ని ఆపాలి మీరు," అన్నాడు నెమ్మదిగా.

"ఆపను సార్."

"ప్రేక్షకుల లెక్క ప్రేక్షకులది."

"కెరటం ఎవరిది?"

అతను ఏదో అనబోయేంతలో రేడియో గరగరలాడింది. అసిరమ్మ గొంతు, గాలి హోరుకి పైన.

"నూకా! ఇనబడతందేటే?"

"సెప్పప్పా!"

"నీ తెడ్డుకేటైనాదే? ఎదర నున్నగా దారుంటే, పక్కనున్న కొండలాటి కెరటం మీదికి తోలతంది నన్ను! నానెల్లనని సుక్కాని బిగించీసినాను. మల్లీ అటే సూపిస్తంది!"

నూకరత్నం తెర వైపు చూసింది. అప్ప చెప్పింది నిజమే. ఎదురుగా తేలికైన దారి ఉంది. పచ్చగీత మాత్రం పక్కకి, అన్నిటికంటే పెద్ద కెరటం మీదికి వంగింది.

"తెడ్డూ, అసిరమ్మ పడవకి తప్పు దారి చూపిస్తున్నావు."

"తప్పు కాదు. అసిరమ్మగారు చుక్కాని బాగా పడతారు. ఆ పడవ ఒరగదు, ఎగరదు. కిటికీలు అక్కడ నిలవడం లేదు, ఎక్కువగా ఊగే పడవల దగ్గరికి వెళ్ళిపోతున్నాయి. కిటికీలు లేకపోతే లెక్క రాదు. లెక్క రాకపోతే ఇంకాసేపట్లో ఆ పడవకి దారి కనబడదు. పెద్ద కెరటం ఎక్కిస్తే కిటికీలు వస్తాయి. వచ్చిన లెక్కతో పడవని కిందికి దింపేస్తాను. ఇందాకట్నుంచి చాలా పడవల్ని ఇలాగే కాపాడుతున్నాను."

"ప్రమాదంలోకి తోసి కాపాడుతున్నావా?"

"భద్రంగా ఉన్న పడవని ఎవరూ చూడరు. ఎలాగోలా లాక్కురమ్మన్నారు."

నూకరత్నానికి తెడ్డు మీద కోపం రాలేదు. మనుషులు ఎలాంటివాళ్ళో అది ఒక్క మధ్యాహ్నంలో నేర్చేసుకుంది. ఆమెకి నలభై ఏళ్ళు వచ్చినా తెలియలేదు.

"ఇక ఎవరినీ పెద్ద కెరటాల మీదికి తోలకు. ఇది నా ఆజ్ఞ."

"అలాగే. అయితే నెమ్మదిగా వెళ్ళే పడవలకి లెక్క తగ్గిపోతుంది. మొదట అసిరమ్మగారిది."

"యంత్రం ఏం తేలుస్తుందో అని ఆరోజే అన్నాను," అన్నాడు శ్రీవల్లభ్. అందులో ఎగతాళి లేదు. "ఒకటి చెయ్యండి. మీ అక్కగారి పడవ మునిగిపోతోందని ప్రత్యక్షంలో ఒక ప్రకటన వేద్దాం. అందరూ అటే పరుగెత్తుకొస్తారు."

"మిగతా పడవల దగ్గర ఎవరుంటారు?"

నూకరత్నం రేడియో దగ్గరికి వంగింది. ప్రకటన వేయనంది గానీ, ఆశ చావలేదు. అప్ప ప్రాణం ముందు ఆమె ధైర్యం కాస్త సడలింది.

"అప్పా, నా మాటిను. ఆల్లు సూస్తేనే నీకు దారి కనబడతాది. కాసేపు బోటుమీద గోల సెయ్యండి. ఏడవండి. మునిగిపోతన్నట్టు కేకలెయ్యండి."

అసిరమ్మ అడిగింది. "మీ బావ మునిగిపోయినప్పుడు కూడా ఆల్లు సూసేరేటే?"

"సూసేరప్పా."

"ఎంతమంది?"

"శానామంది."

"అయితే ఆల్లకి నా ఏడుపు పెట్టను. సచ్చినా పెట్టను." ఆ గొంతులో వణుకు లేదు. "అయిదుగురం ఉన్నాం ఈ బోటుమీద. ఒక్కలం కూడా ఏడవం. నువ్వొకటి సెయ్యి నూకా. ఆల్ల మొకాలు నాకు సూపించు."

"మొకాలా?"

"పెద్దవల లాగతంటే సేతులు కట్టుకుని నిలబడ్డోలిని ఏటి సేస్తామే? పేరెట్టి పిలుస్తాం. పిలవాలంటే మొకం కనబడాల కదా! బేగి సూపించు. నీ రేడియోతో ఇంక నాకు పని నేదు."

రేడియో ఆగిపోయింది.

ఆ పని కష్టమేమీ కాదు. ప్రత్యక్షంలో ప్రేక్షకుడు ఎటు చూస్తే అటున్న కెరటాన్ని చూపాలి కాబట్టి, యంత్రం వాడి ముఖాన్నీ కళ్ళనీ ఎప్పుడూ గమనిస్తూనే ఉంటుంది. ఆ ముఖాన్ని పేరుతో సహా పడవ తెర మీదికి పంపితే చాలు.

"వద్దు నూకరత్నంగారూ," శ్రీవల్లభ్ మొదటిసారి గొంతు పెంచాడు. "వాళ్ళ ఇళ్ళలోకి చూడ్డమది! వాళ్ళని అడక్కుండా?"

"పడవలోవాళ్ళని ఎవరు అడిగారు సార్?"

ఆమె అన్ని పడవలకీ ఒకేసారి తిప్పేసింది. కిటికీలన్నీ రెండు వైపులా తెరుచుకున్నాయి. తర్వాత తన కిటికీ మూసి, లెక్కల తెర ముందుకి జరిగింది. చూసుకోవాల్సిన పని చాలా ఉంది.

పడవల మీద ఏం జరిగిందో ఆమెకి తర్వాత అందరూ చెప్పగా తెలిసింది. సముద్రాన్ని చూస్తున్న రెండు కోట్లమందికి హఠాత్తుగా కెరటాలకి బదులు తడిసిన ముఖాలు ఎదురయ్యాయి. ఆ ముఖాలు వాళ్ళ గదుల్లోకి చూస్తున్నాయి, వాళ్ళ పేర్లు చదువుతున్నాయి. కొందరి చేతుల్లో పళ్ళాలున్నాయి. కొందరు నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయారు. నల్గొండలో భిక్షమయ్య అనే ముసలాయన ఒళ్ళో జంతికల గిన్నె పెట్టుకుని కూర్చున్నాడు.

"ఓ బిచ్చమయ్యా! ఆ గిన్నె దించి తాడట్టుకో!" అని అరిచింది అసిరమ్మ.

"నేనేం చెయ్యాలె బిడ్డా?" అన్నాడాయన బిత్తరపోయి.

"ఏటీ సెయ్యొద్దు. ఎల్లిపోకు. నా బోటు ఇసక తగిలేదాకా ఎల్లిపోకు, అంతే!"

ఇవతల లెక్కల తెర మీద అంకెలు కూలిపోతున్నాయి. రెండు కోట్లు కోటి అయ్యాయి, ఆ కోటి కాస్తా యాభై లక్షలైంది. చూడ్డానికి వచ్చిన జనం, తమని చూస్తున్నారని తెలియగానే పారిపోతున్నారు. ముప్పై లక్షల దగ్గర అంకె ఆగింది.

"ముంచేశారు," అన్నాడు శ్రీవల్లభ్ గుడ్ల నీళ్ళతో. "అందరినీ ముంచేశారు మీరు."

నూకరత్నం లెక్కల తెర మీదికి వంగింది. "తెడ్డూ, ఎంతసేపు సరిపోతుంది?"

"సరిపోతోంది," అంది తెడ్డు.

"ముప్పై లక్షలతోనా?"

"ఇందాక కిటికీలు పడవ నుంచి పడవకి గెంతుతూ ఉన్నాయి. వచ్చినప్పుడల్లా ఉబ్బాలి, పోయినప్పుడల్లా తగ్గాలి, లెక్క మళ్ళీ మొదట్నుంచీ మొదలెట్టాలి. శక్తిలో చాలా భాగం దానికే పోయింది. ఇప్పుడు ఉన్నవాళ్ళు కదలడం లేదు. పేరుపెట్టి పిలిచినవాళ్ళు అసలే కదలడం లేదు. కదలనివాళ్ళయితే ఇంతమంది చాలు."

విస్తరణ శాస్త్రం మీద అంతవరకు వచ్చిన పుస్తకాల్లో ఎక్కడా లేని మాట అది. ఎంతమంది వస్తారన్నదే అందరూ లెక్కగట్టారు. ఎంతమంది ఉండిపోతారన్నది ఎవరూ గట్టలేదు.

పచ్చగీతలు మళ్ళీ పొడుగయ్యాయి. పొద్దు వాలేవేళకి పడవలు ఒక్కొక్కటే రేవుల్లోకి వచ్చాయి. అన్నీ వచ్చాయి. ఆఫీసులో కుర్రాళ్ళు లేచి చప్పట్లు కొట్టారు. శ్రీవల్లభ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకున్నాడు, డైరెక్టర్ అయిపోయాడు.

"కోటిన్నర ఫిర్యాదులు వచ్చాయి నూకరత్నంగారూ. తమని అడక్కుండా తమ ముఖాలు చూపించారని. రేపట్నుంచి మీకిక్కడ పని లేదు."

"మంచిదే సార్. గాలి తగ్గగానే పెద్దవల వేస్తారు, నాకక్కడ పనుంది," అంది నూకరత్నం. "తెడ్డు లోపల రాసినదంతా ఇందాకే తీరంలో ప్రతి రేవుకీ పంపేశాను. తుడిచెయ్యాలంటే సముద్రాన్ని తుడవాలి."

తల ఎత్తుకుని కొండ దిగింది. పాలెం చేరేసరికి వాన తుంపరగా మారింది. ఒడ్డున జనం పడవల్ని తాళ్ళు కట్టి మెట్ట మీదికి లాగుతున్నారు. అసిరమ్మ జుట్టు విరబోసుకుని, చేతులు కోసుకుపోయి, తన పడవ ముక్కుకి తాడు బిగిస్తోంది. నూకరత్నం పరుగెత్తుకెళ్ళి కావిలించుకుంది. అసిరమ్మ చెల్లెల్ని మెల్లగా వెనక్కి తోసి ముఖంలోకి చూసింది.

"శానా మొకాలు సూసినానే ఇయ్యాల. బిచ్చమయ్యని సూసినాను. పొట్టమీద బిడ్డని పడుకోబెట్టుకున్న పిల్లనొకదాన్ని సూసినాను. నీ మొకం కనబడనేదేటే?"

"నాను... లెక్కలు సూస్తన్నానప్పా."

"ముందర పిలిసింది నీ పేరే. తెరమీద నీ పేరు ఎలిగింది కదా, మైలపల్లి నూకరత్నం అని. నూకా, నూకా అని మూడు కేకలేసినాను. నీ మొకం రాకుండానే నీ పేరు ఆరిపోనాది."

నూకరత్నానికి తన కిటికీ గుర్తొచ్చింది. పని చాలా ఉందనుకుని మూసింది. కానీ ఆ పని తెడ్డు చేసుకుంటోంది, ఆమె చెయ్యాల్సింది ఏమీ లేదు. రెండు కోట్లమందిని అప్ప కళ్ళ ముందు నిలబెట్టి, తను మాత్రం అందరికంటే ముందు తప్పుకుంది. పారిపోయిన కోటీ డెబ్బై లక్షల్లో మొదటి కిటికీ తనది. కొండ మీంచి మోసుకొచ్చిన పొగరంతా ఆ తడి ఇసుకలో దిగిపోయింది.

"బయమేసినాదప్పా," అంది చివరికి. "నువ్వు మునిగిపోతంటే నీ కల్లు నాను సూడాలని బయమేసినాది."

"బిచ్చమయ్యకీ బయమేసినాది. సిన్నపిల్లడిలా ఏడిసినాడు. ఎల్లిపోనేదు."

అసిరమ్మ వంగి తాడు కొస తీసింది. చుట్టూ ఉన్నవాళ్ళందరికీ వినబడేలా, గాలికి ఎదురుగా అరిచింది.

"మైలపల్లి నూకరత్నం! తాడట్టుకో!"

తాడు తడిసి బరువుగా ఉంది. నూకరత్నం రెండు చేతులా పట్టుకుని అప్ప ముఖంలోకి సూటిగా చూసింది. పడవ మెట్ట ఎక్కేదాకా చూపు తిప్పలేదు.